మైకక్క మింగిన అంకె

"ఆమె దగ్గరికి తర్వాత వెళుదువు గానీ, ముందు ఇటొచ్చి కూర్చో తల్లీ. ఆ స్టూలు మీద వద్దు, దానికో కాలు పొట్టి. ఈ బట్ట తాను మీద కూర్చో. నలిగితే నలగనీ, ఎలాగూ ఇస్త్రీ చేస్తారు. సూపర్‌వైజరు నిన్ను ఎవరి దగ్గరికి పంపాడో నాకు తెలుసు. కిటికీ పక్కన కాజాల మిషను దగ్గర కూర్చునే ఆవిడ. 'మన దగ్గరే ఒక ధైర్యవంతురాలు ఉంది, ఆవిడ కథ రాయండి' అన్నాడు. అన్నాడా లేదా?"

ఊళ్ళో జరగబోయే కొండ నడక మీద తెచ్చే సంచికకి రాయడానికి వచ్చినామె అన్నాడని తలూపింది.

"అంటాడు. మంచివాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మంచివాళ్ళతోనే వచ్చింది తంటా. ఉండు, ఇప్పుడు కాదు. టీ అయిపోయి మిషన్లు మొదలవనీ, అప్పుడు చెబుతా."

తాన్లు పేర్చిన ఆ చిన్న గదిలో ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. అవతల గ్లాసులు కడిగిన చప్పుడు, కుర్చీలు లాగిన చప్పుడు. ఒక మిషను దగ్గింది, దాని పక్కది అందుకుంది. కాసేపటికి హాలంతా ఒకటే మోత. అప్పుడు గానీ పిలిచి కూర్చోబెట్టినామె తలుపు దగ్గరగా వేసి నోరు విప్పలేదు.

ఆమెని అందరూ మైకక్క అంటారు. సెక్యూరిటీ గార్డులకీ, బస్సు కండక్టర్లకీ, ఆసుపత్రి ఆయాలకీ యూనిఫాంలు కుట్టే ఆ యూనిట్‌లో కొలతలు తీసే పని ఆమెది. మైకులాంటి ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. తండ్రి నూలు మిల్లులో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. అందుకని ఇంటిల్లిపాదీ అరిచే మాట్లాడేవాళ్ళు. వాళ్ళింట్లో ఎవరైనా ఉప్పందుకోమంటే పక్కింటివాళ్ళు ఉప్పు పట్టుకొచ్చేవాళ్ళని ఆమే చెబుతుంది. బస్సుల మెకానిక్కుని పెళ్ళి చేసుకుంది. మొదటి వారమంతా అతను ఈమె తనని తిడుతోందనుకున్నాడట. రెండో వారానికి అది గారమేనని తెలిసిందట.

మొదట యూనిట్‌లో దారప్పోగులు కత్తిరించే పనికి చేరింది. అప్పుడు కొలతలు తీసే మనిషి చెప్పేది మోతలో వినపడక ఒకడి చేతి పొడవు ఇంకొకడికి పోయేది. ఒకరోజు ఈమె దారాలు కత్తిరిస్తున్న చోటి నుంచే ఆ కొలత అందుకుని అరిచి చెప్పింది. హాలు ఆ చివర బల్ల దగ్గరున్న కటింగ్ బాబాయికి అక్షరం పొల్లుపోకుండా వినపడింది. మర్నాటి నుంచి టేపు ఈమె మెడలోకి వచ్చింది.

వాళ్ళ పద్ధతి ఇది. ఈ చివర ఈమె కొలిచి కేకేస్తుంది. ఆ చివర బాబాయి అదే మాట తిరిగి చెప్పి, కాగితం మీద సుద్దతో గీస్తాడు. "నడుము ముప్పై నాలుగు" అని ఇటు నుంచి, "నడుము ముప్పై నాలుగు" అని అటు నుంచి. తిరిగి చెబితేనే విన్నట్టు లెక్క. అంకెలే కాదు, ఒంటి తీరు కూడా చెప్పాలి. కుడి భుజం వాలు, మెడ పొట్టి, వెన్ను వంపు, ఏదైనా సరే దాన్ని బట్టే బట్ట కత్తిరించాలి. మధ్యలో ఆమె పరాచికాలు ఉండనే ఉంటాయి. "నడుము రెండు పెరిగింది, ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారయ్యా?" అంటే బాబాయి నడుము మాత్రం తిరిగి చెప్పి, వంట సంగతి వదిలేస్తాడు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. మిషన్ల మీద వంగి ఉన్నవాళ్ళ చెవికి ఆ మాటలు మోతలో మోతగా కలిసిపోయేవి; కొలిచే ఆమెకీ, కొలిపించుకునేవాళ్ళకీ, చెవి పెట్టి వినే బాబాయికీ తప్ప ఇంకెవరికీ తెలిసేవి కావు. తలుపుల్లేని ఆ హాలుకి మిషన్ల మోతే తెర.

"ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు తల్లీ. నా గొంతు గొప్పదనుకున్నాను గానీ, దాన్ని దాచిపెడుతున్నది ఆ మోతని అనుకోలేదు."

కొండ నడక మాట తెచ్చింది సూపర్‌వైజరే. రొమ్ము క్యాన్సర్‌ని ముందుగానే పట్టే పరీక్షలు చేసే బండి ఒకటి పనిచేసే ఆడవాళ్ళ దగ్గరికే రావాలని, దానికి చందాలు పోగుచేస్తూ ఊళ్ళోని ఆఫీసులూ బడులూ జట్లు జట్లుగా కొండ ఎక్కాలని పిలుపు వచ్చింది. యూనిట్ యూనిట్ అంతా ఎగిరి గంతేసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గోడౌను మెట్లు ఎక్కడం, దిగడం. కూర్చుని కుట్టేవాళ్ళ మోకాళ్ళు రెండో అంతస్తుకే మొరాయించేవి.

"నేను రోజంతా నిలబడే పని చేస్తాను, నాకెందుకీ సాధన?" అని ఇస్త్రీ అతను మెట్ల కింద బైఠాయించాడు.

"కరెంటు స్తంభం కూడా నిలబడే ఉంటుంది బాబూ, కొండెక్కిందా ఎప్పుడైనా?" అంది కాజాల ఆమె, అతన్ని దాటుకుని ఎక్కుతూ.

వాళ్ళిద్దరికీ క్షణం పడదు. అతను ఇస్త్రీ మడత కాజా మీదుగా పోనిచ్చాడని ఆమె, ఆమె వదిలేసిన దారప్పోగులు ఇస్త్రీ పెట్టెకి అంటుకుంటున్నాయని అతను, రోజుకొకసారైనా గొడవపడందే ఇద్దరికీ పని సాగదు. కాజాల ఆమె మనిషి సన్నం, నోరు పదును. ఎండాకాలమైనా పైన వదులు కోటు ఒకటి వేసుకుంటుంది. అంతకుముందు సంవత్సరం చాలా కాలం సెలవు పెట్టింది. అమ్మకి బాగోలేదని చెప్పింది. అందరూ నమ్మారు.

జట్టుకంతా ఒకే రంగు చొక్కాలు కావాలి. యూనిఫాంలు కుట్టే చేతులే కదా, ఎవరి కొలతకి వాళ్ళకి కుట్టుకోవాలనుకున్నారు. అయితే అది కంపెనీ పని కాదు కాబట్టి కొలతలు టీ విరామంలో తీయాలన్నారు. అంటే, మిషన్లన్నీ ఆగి ఉన్నప్పుడు.

మైకక్క గొంతు మాత్రం ఆగలేదు, తగ్గలేదు. ఇన్నేళ్ళూ ముగ్గురి మధ్య ఉండే పరాచికం ఇప్పుడు హాలంతా వింది. నవ్వింది. ఎవరి నడుము చెప్పినా నవ్వే, ఎవరి పొట్ట చెప్పినా నవ్వే. టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ మూగారు.

"అలవాటు వల్ల నోరు జారిందని చెబితే నువ్వు నమ్ముతావు. ఇక్కడివాళ్ళూ అదే నమ్మారు. కానీ నిజం అది కాదు. నలుగురూ నవ్వుతుంటే నాకు బాగుంది. ఇంకా నవ్వించాలనిపించింది."

కాజాల ఆమె వంతు రాకుండా తప్పుకుంటూనే ఉంది. "నాకు పాత కొలతలే పెట్టండక్కా" అంది. "పని ఉంది" అంది. "పాత కొలతకి కొత్త చొక్కా ఏంటే, రా" అని మైకక్కే వెళ్ళి చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాక్కొచ్చింది. కోటు పైనుంచే టేపు చుట్టింది. బిగించింది. టేపు కింద ఒక పక్క ఒళ్ళు తగిలింది. రెండో పక్క ఏదో మెత్తగా అణిగిపోయి పక్కకి జరిగింది. చేతికి తెలిసింది బుద్ధికి ఇంకా చేరకముందే నోటికి చేరిపోయింది.

"ఎడమ పక్క ఖాళీ" అని కేకేసింది.

ఆ చివర నుంచి బాబాయి, సుద్ద పట్టుకుని, తల ఎత్తకుండానే, ఎన్నేళ్ళుగానో చేస్తున్నట్టే, "ఎడమ పక్క ఖాళీ" అని తిరిగి చెప్పాడు.

తర్వాత ఎవరూ నవ్వలేదు. మైకక్క చేతులు ఇంకా ఆమె చుట్టూనే ఉన్నాయి. కాజాల ఆమె టేపుని తనే తన ఒంటి మీద నుంచి తీసి, చుట్ట చుట్టి, మైకక్క అరచేతిలో పెట్టింది. వెళ్ళి తన సీట్లో కూర్చుంది. సాయంత్రం దాకా కాజాలు కుట్టింది. ఒక్కటీ వంకర పోలేదు.

మైకక్కకి తల కొట్టేసినట్టయింది. క్యాన్సర్ మీద నడకకి చొక్కా కుడుతూ క్యాన్సర్ వచ్చిన మనిషిని నలుగురిలో నిలబెట్టి ఒంటి లోపాన్ని కేకేసింది. కాలు జారితే లేపడానికి ఎవరైనా చెయ్యందిస్తారు. నోరు జారితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

అంతటితో అయిపోయినా బాగుండేది. మర్నాటి నుంచి యూనిట్ అంతా మంచితనం మొదలుపెట్టింది. ఒకామె కుర్చీలో దిండు వేసింది. ఇంకొకామె భోజనం గిన్నె తనే మోస్తానంది. మెట్లు ఎక్కబోతే "నువ్వు ఎక్కకమ్మా, కూర్చో" అన్నారు. సూపర్‌వైజరైతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కొండ నడకలో అందరికంటే ముందు ఆమె జెండా పట్టుకుని నడవాలన్నాడు, కొండ మీద వేదికెక్కి నాలుగు మాటలు చెప్పాలన్నాడు. నిర్వాహకులకి ఫోను చేసి "మా దగ్గర ఒకావిడ ఉంది" అని చెప్పేశాడు కూడా. ఆ వారం మధ్యలో ఆమె పనికి రావడం మానేసింది.

కిటికీ పక్క మిషను గుడ్డ కప్పుకుని ఉంది. దాని ముందు నుంచి టేపు మెడలో వేసుకుని నడవాలంటే మైకక్కకి ముఖం చెల్లలేదు. టేపు సంచిలో పడేసింది. వెళ్ళి కాళ్ళు పట్టుకుందామా అనుకుంది. ఆ గడప తొక్కడానికీ ముఖం చెల్లలేదు. చివరికి మొగుడే అన్నాడు, "రెండ్రోజులుగా ఇంట్లో నీ గొంతు వినపడక నాకు నిద్ర పట్టట్లేదు. వెళ్ళి తిట్లు తిని రా" అని.

మేడ మీద ఇల్లు. తలుపు బడికెళ్ళే వయసు కూతురు తీసింది. లోపల ముసలావిడ టీవీ చూస్తోంది. ఇంట్లోవాళ్ళకి ఏం తెలుసో, ఏం తెలియదో. మెల్లగా మాట్లాడదామని నోరు తెరిస్తే మెల్లగా రాలేదు. "మీ అమ్మ ఉందా?" అనేసరికి కింది వాటాలో తలుపు తెరుచుకుంది.

"ఈవిడ మా కొలతలక్క" అని కూతురికి చెప్పి, కాజాల ఆమె మైకక్కని డాబా మీదికి తీసుకుపోయింది. ఆరేసిన బట్టల మధ్య నిలబడ్డారు. తువ్వాలు చాటున, లైనింగు ముక్కలతో కుట్టిన చిన్న మెత్త ఒకటి ఆరుతోంది. మైకక్క చటుక్కున చూపు తిప్పేసుకుని వాటర్ ట్యాంకు వైపు చూసింది. ఆ తిప్పుకోవడం ఆమె చూడనే చూసింది.

"చూడండి అక్కా, ఫరవాలేదు. కుట్టు బాగుందో లేదో చెప్పండి."

"నన్ను క్షమించు చెల్లీ."

"క్షమించడానికేముంది. క్షమించాను. ఇంకా?"

మైకక్క తీగ మీది తువ్వాలు అంచు సరిచేసింది.

"జబ్బు పోయింది అక్కా. దాని గురించి నాకు సిగ్గు లేదు. ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ నన్ను గాజు గ్లాసును పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. నా కూతురు రాత్రి లేచి నేను ఊపిరి పీలుస్తున్నానో లేదో చూస్తుంది. ఆ యూనిట్ ఒక్కటే మిగిలింది నాకు, నేను మామూలు మనిషిగా ఉండే చోటు. అక్కడ నేను దారాల కోసం పోట్లాడే గయ్యాళిని. హాయిగా ఉండేది. ఇప్పుడు ఇస్త్రీ అతను నాతో గొడవపడటం మానేశాడు. మొన్న మడత కాజా మీద నుంచి పోనిచ్చి, నేనేదో అనేలోపే 'నాదే తప్పమ్మా' అన్నాడు. 'అమ్మా' అన్నాడక్కా. ఆ రోజే అనుకున్నాను, ఇక రానని."

మైకక్క ఏడ్చింది. ఆమె ఏడుపు కూడా గట్టిగానే ఉంటుంది. "మెల్లగా ఏడవండక్కా, కింద అందరూ ఉన్నారు" అంది కాజాల ఆమె. తర్వాత, "మీరు నన్ను క్షమించమన్నారు గదా. నాకో పని చేయండి. నేను కొండ ఎక్కుతాను. ఎక్కాలని నాకు ఉంది. కానీ ముందు నడవను, వేదికెక్కను. గుంపులో ఒకదాన్నయి నడుస్తాను. అలా జరిగేట్టు చూడండి. ఇంకొకటి, నా కొలత సగంలో ఆగింది. పూర్తి చేయండి" అని వదులు కోటు విప్పి తీగ మీద వేసింది.

మైకక్క సంచి అడుగు నుంచి టేపు తీసింది. భుజం కొలిచింది. చాతీ ఆ పక్కా కొలిచింది, ఈ పక్కా కొలిచింది. నడుము, చేతి పొడవు. ప్రతి అంకెకీ నోరు దానంతటదే తెరుచుకునేది, పళ్ళు బిగించి మింగేది. జీవితంలో మొదటిసారి ఒక మనిషిని నోరెత్తకుండా కొలిచింది. వెళ్ళొస్తానని మెట్లు దిగింది.

వీధిలోకి వచ్చేసరికి ఒక్క అంకె గుర్తు లేదు.

"నవ్వకు తల్లీ. నిజంగానే లేదు. ఇన్నేళ్ళూ అంకె నా నోట్లోంచి బయటికి పోవడమే గానీ బుర్రలో నిలబడింది ఎప్పుడు? నేను అరిస్తే బాబాయి పట్టుకునేవాడు. నా పని అరుపుతో సరి. కొలతలక్క అని ఇంత పేరు మోసిన దాన్ని, ఒక్క మనిషి కొలతలు మోసుకుని ఒక్క మేడ దిగలేకపోయాను. అప్పుడు సిగ్గేసింది చూడు, ఆ రోజు హాల్లో కూడా అంత వేయలేదు."

మళ్ళీ ఎక్కింది. చెప్పుకోలేక చెప్పుకోలేక చెప్పింది. కాజాల ఆమె ముందు అర్థం కాక చూసింది, తర్వాత నవ్వింది. ఆరేసిన దుప్పటి పట్టుకుని వంగిపోయి నవ్వింది. మళ్ళీ కొలిపించుకుంది. ఈసారి మైకక్క దారంతా పెదవుల మీద ఆ అంకెల్ని జపించుకుంటూ, పలకరించినవాళ్ళకి పలక్కుండా, నేరుగా యూనిట్‌కి వెళ్ళి కటింగ్ బల్ల ముందు నిలబడింది. బాబాయి చేతిలో సుద్ద ఆమెకిచ్చి గోడ వైపు తిరిగాడు. హాల్లో ఆ కేక పడిన రోజు నుంచి ఆయన ఏ కొలతా తిరిగి చెప్పడం లేదు. తలూపుతాడంతే. "తిరిగి చెప్పింది నేనే కదమ్మా" అన్నాడు ఒకసారి. ఆయన సిగ్గు ఆయనకుంది. మైకక్కే గీసింది, మైకక్కే కత్తిరించింది. కటింగ్ ఆమె పని కాదు. చొక్కా చెయ్యి ఒకటి కాస్త వంకర పోయింది.

ఇక మిగిలింది మనుషుల్ని మార్చడం. బట్టని కత్తిరించినంత తేలిక కాదది. ముందు ఇస్త్రీ అతన్ని పట్టుకుంది.

"ఆమె వస్తే గొడవ పెట్టుకో."

"ఎలా పెట్టుకోనక్కా, పాపం ఆవిడ..."

"ఆ పాపం అన్న మాట మింగెయ్. నేను ఎన్ని మింగుతున్నానో నీకేం తెలుసు."

దిండు వేసినామెని దిండు తీసేయమంది. గిన్నె మోస్తానన్నామెని ఎవరి గిన్నె వాళ్ళే మోసుకోమంది. సూపర్‌వైజరు ఒక్కడే లొంగలేదు. "మంచి కోసమే కదా అక్కా. ఆవిణ్ణి చూసి పదిమంది పరీక్ష చేయించుకుంటారు" అన్నాడు. ఆ మాటలో తప్పేముందో మైకక్క చెప్పలేకపోయింది. ఇంత నోరుండీ అతని గదిలోంచి పిల్లిలా బయటికి వచ్చింది. జెండా అయితే వేరేవాళ్ళకి ఇస్తానన్నాడు. రాయడానికి మాత్రం మనిషిని పిలిచేశానన్నాడు.

"ఆ మనిషివి నువ్వే. ఆమె ఇవాళే వచ్చింది పనికి. పొద్దున ఇస్త్రీ అతను వెళ్ళి 'నీ దారాలు నా పెట్టెకి అంటుకున్నాయి' అన్నాడు. ఎవరో రాసిచ్చింది అప్పజెప్పినట్టు అన్నాడు. ఆమెకి తెలీదూ? తెలుసు. అయినా 'నీ పెట్టె తుడుచుకుని ఎన్నేళ్ళయిందో ముందు చెప్పు' అంది. నేను ఈ తాన్ల వెనక నక్కి విన్నాను. రేపు మళ్ళీ అంటాడో లేదో, అంటే నిజంగా అంటాడో లేదో నాకు తెలియదు. ఆమె ఉంటుందో మానేస్తుందో కూడా తెలియదు. ఇవాళ అయితే కూర్చుని ఉంది."

మైకక్క లేచి తలుపు సందులోంచి హాల్లోకి చూసింది. మెడలో టేపు లేక ఆమె చేతులకి ఏం చేయాలో తెలియడం లేదు. చీర చెంగు పట్టుకున్నాయి, వదిలాయి.

"ధైర్యవంతురాలి గురించి రాయాలని వచ్చావు. నోరు అదుపులో లేని దాని గురించి విన్నావు. సంచికకి ఏం కావాలో అది నీ ఇష్టం, నన్నెంత తిట్టి రాసినా నాకు సమ్మతమే. కానీ ఆమె దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్ళకు. బయటికి దారి ఆ కిటికీ పక్క నుంచే, వేరే దారి లేదు. తల దించుకుని గబగబా పోయావంటే నీకు తెలిసిందని ఆమెకి తెలిసిపోతుంది. ఆగి నవ్వినా తెలిసిపోతుంది. నాకోసం ఒక్క పని చెయ్యి తల్లీ. అక్కడ గుండీలు కుట్టే పిల్లని ఎలా చూస్తావో, ఇస్త్రీ అతన్ని ఎలా చూస్తావో, ఆమెనీ అలాగే ఒకసారి చూసి వెళ్ళు."